మేలు చేసే సమాజం, నమ్మరాని చరిత్ర: కథలో ఎలా రాయాలి

మీరు రాయబోయే కథలో ఒక సమాజం ఉంది. అక్కడ ఆకలి లేదు, దిక్కులేని పిల్లలు లేరు, జబ్బు పడినవారికి అడగకుండానే మందు అందుతుంది. ఆ సమాజానికి ఒక అధికారిక చరిత్ర కూడా ఉంది. దాన్ని పిల్లలు బడిలో కంఠస్థం చేస్తారు, పెద్దలు ఏడాదికొకసారి అందరి ముందూ చదివి వినిపిస్తారు. ఆ చరిత్రలో ఒకచోట అబద్ధం ఉంది. మీరు వేలు పెట్టి చూపించకుండానే పాఠకులు ఆ అబద్ధాన్ని పట్టుకొనేలా రాయడం ఎలాగో ఇక్కడ మెట్టుమెట్టుగా చెబుతాను.

ఇటువంటి కథలు చాలావరకు ఒకేచోట దెబ్బతింటాయి. రచయిత ఆ సమాజపు మంచితనాన్ని ఒక ముసుగుగా తయారుచేస్తాడు. చిరునవ్వులు, తెల్లని బట్టలు, పూలతోటలు చూపిస్తాడు, వాటి వెనుక చెరసాలను దాచిపెడతాడు. పాఠకులు ఇటువంటి ముసుగులు ఎన్నో చూసినవారు కాబట్టి రెండో అధ్యాయానికే అది ఎప్పుడు జారుతుందా అని ఎదురుచూడడం మొదలుపెడతారు, జారినప్పుడు వారికి ఏ బాధా కలగదు. నేను మీకు చెప్పదలచుకున్న అసలు విషయం దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది. ఆ మంచితనం నిజమైనదే అయి ఉండాలి. అబద్ధం పుట్టిందీ, నిలిచిందీ ఆ మంచితనం వల్లనే అయి ఉండాలి. మేలు పొందినవారికి ప్రశ్నించడానికి నోరు రాదు, వారిని భయపెట్టవలసిన అవసరం కూడా ఉండదు.

మొదటి మెట్టు: ముందు మంచిని నిజం చేయండి

చరిత్ర జోలికి పోకముందు, ఆ సమాజంలో ఒక మామూలు రోజును పది పేజీలు రాయండి. అందులో ఎక్కడా నీడలు పెట్టకండి. అర్ధరాత్రి జ్వరంతో ఉన్న బిడ్డ కోసం వైద్యురాలు వర్షంలో తడుస్తూ రావాలి, వచ్చినందుకు ఏమీ తీసుకోకుండా వెళ్లిపోవాలి. అక్కడ బతకాలని మీకే అనిపించాలి. అలా అనిపించకపోతే పాఠకులకూ అనిపించదు, అప్పుడు ఆ తరువాత బయటపడే నిజానికి బరువు ఉండదు.

ఇది కల్పనలోనే సాధ్యమని అనుకోకండి. స్వీడన్ తల్లులకు, పిల్లలకు, వృద్ధులకు ప్రపంచంలోనే మేలైన సంక్షేమ వ్యవస్థను కట్టుకుంటున్న దశాబ్దాలలోనే, 1935 నుంచి 1975 వరకు, చట్టబద్ధంగా సుమారు 63,000 మందికి సంతానం కలగకుండా శస్త్రచికిత్సలు చేసింది. వారిలో అత్యధికులు స్త్రీలు. అందరినీ బలవంతం చేశారని చెప్పలేము గాని, సంరక్షణ సంస్థల నుంచి విడుదల కావాలన్నా, గర్భస్రావానికి అనుమతి కావాలన్నా ఈ శస్త్రచికిత్సకు ఒప్పుకోవాలని షరతు పెట్టి సంతకాలు తీసుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. 1997లో పత్రికా కథనాలు వచ్చేదాకా ఇది దేశమంతా మాట్లాడుకొనే విషయం కాలేదు, 1999లో బాధితులకు పరిహారం ఇచ్చే చట్టం వచ్చింది. ఆ పత్రాలపై సంతకాలు చేసిన వైద్యులు, అధికారులు తాము క్రూరులమని అనుకోలేదు. ఇంటికి వెళ్లి తమ పిల్లలను ముద్దాడినవారే. మీ కథలోని పెద్దలు కూడా అటువంటివారే కావాలి.

రెండో మెట్టు: జరిగినది జరిగినట్టు మీ కోసం రాసుకోండి

అబద్ధం రాయడానికి ముందు నిజం రాయాలి. ఇది ఎవరికీ చూపించని ప్రతి. ఇది లేకుండా మొదలుపెట్టిన రచయితలు సగం దారిలో తామే అయోమయంలో పడి, ఆఖరి అధ్యాయంలో అప్పటికప్పుడు ఒక రహస్యాన్ని కల్పిస్తారు. అది అతికినట్టు ఉండదు.

వివరించడానికి వీలుగా ఒక ఉదాహరణను అల్లుతాను, ఈ వ్యాసం చివరిదాకా దాన్నే వాడుకుందాం. ఒక లోయ ఉంది. వరద వచ్చిన ఏడాది పంట కొట్టుకుపోయింది. చలికాలం వచ్చేసరికి కొట్టులో ఉన్న ధాన్యం అందరికీ చాలదని పెద్దల సభకు తెలిసిపోయింది. ఒక రాత్రి సభ దిగువపేటలోని నలభై కుటుంబాలను కనుమ అవతలికి పంపించి, ద్వారం మూయించింది. బయటికి పోయినవారిలో సభ్యుల చుట్టాలు కూడా ఉన్నారు. మిగిలినవారు ఆ ధాన్యంతో బతికారు, తరువాతి తరాలలో చక్కని సమాజాన్ని నిర్మించారు. అధికారిక చరిత్ర మాత్రం ఆ నలభై కుటుంబాలు తమంతట తామే త్యాగం చేసి వెళ్లిపోయాయని చెబుతుంది.

ఇప్పుడు కాగితాన్ని రెండుగా విభజించి, ఒకవైపు జరిగినది, మరొకవైపు చెప్పినది రాయండి. నిర్ణయం ఎవరిది, చూసింది ఎవరు, చూడకపోయినా ఊహించింది ఎవరు, నిజంగానే ఏమీ తెలియనిది ఎవరు అన్నది పేరుపేరునా తేల్చండి. అన్నిటికంటే ముఖ్యంగా, అబద్ధం ఎందుకు చెప్పారో ఒక్క వాక్యంలో రాసుకోండి. "పదవి కాపాడుకోవడానికి" అని రాస్తే కొట్టేయండి, అది చాలా చిన్న కారణం. "ఈ అన్నం ఎలా మిగిలిందో తెలిస్తే మన పిల్లలు ముద్ద మింగలేరు" అన్నటువంటి కారణం వచ్చేదాకా ఆలోచించండి.

నిజం రాసుకొనేటప్పుడు నేలను మరచిపోకండి. రాతల్ని మార్చవచ్చు గాని ఊళ్లూ, సరిహద్దులూ ఉన్నచోటనే ఉంటాయి. క్రీస్తుపూర్వం సుమారు 1274లో కాదేష్ దగ్గర ఇప్పటి టర్కీ ప్రాంతాన్ని ఏలిన హిట్టైట్లతో జరిగిన యుద్ధాన్ని ఈజిప్టు రాజు రెండో రామెసెస్ గొప్ప విజయంగా అబూ సింబెల్, లక్సర్, కర్నాక్ ఆలయాల గోడల మీద చెక్కించాడు. యుద్ధం తరువాత కూడా కాదేష్ పట్టణం హిట్టైట్ల చేతిలోనే ఉండిపోయింది. గోడను చూస్తే గెలుపు, పటాన్ని చూస్తే గెలుపు కాదు. మీ లోయలో కూడా ఖాళీగా మిగిలిన పేట ఒకటి ఉంటుంది, లోపలినుంచి గడియ పెట్టే ద్వారం ఒకటి ఉంటుంది. వాటిని పటంలో గుర్తించి పెట్టుకోండి.

మూడో మెట్టు: చరిత్రను ఎవరు రాస్తారో, ఏ నియమం ప్రకారం రాస్తారో తేల్చుకోండి

అధికారిక చరిత్ర దానంతటదే పుట్టదు. ఒక మనిషి కూర్చొని రాస్తాడు, మరొకరు చదువుతారు, ఇంకొకరు ఆమోదిస్తారు. ఈ ముగ్గురి మధ్య నియమాలు ఏమిటన్నదే మీ కథకు ఆయువుపట్టు.

కొరియాలోని జోసాన్ రాజ్యంలో ఆస్థాన చరిత్రకారుల చిత్తుప్రతులను సింహాసనం మీద ఉన్న రాజు చూడకూడదన్న నియమం ఉండేది, రాజు మరణించిన తరువాతే వాటిని గ్రంథంగా కూర్చేవారు. 1404లో థేజోంగ్ రాజు వేటలో గుర్రం మీదనుంచి కిందపడ్డాడు. లేచి చుట్టూ చూసి, ఈ సంగతి చరిత్రకారుడికి తెలియనివ్వకండి అన్నాడు. ఆయన పడిన సంగతితోపాటు ఆ మాట కూడా గ్రంథంలోకి ఎక్కింది. చైనాలోని చీ రాజ్యానిది ఇంతకంటే తీవ్రమైన కథ. క్రీస్తుపూర్వం 548లో ట్స్వే జూ అనే మంత్రి తన ప్రభువును చంపించగా, ఆస్థాన లేఖకుడు "ట్స్వే జూ తన ప్రభువును చంపాడు" అని రాశాడు. మంత్రి ఆ లేఖకుణ్ణి చంపించాడు. అతని తమ్ముడు అదే వాక్యం రాశాడు, అతన్నీ చంపించాడు. మరో తమ్ముడిదీ అదే గతి. ఆ తరువాతి తమ్ముడూ అదే రాస్తే మంత్రి వదిలేశాడు.

మీ కథకు ఈ రెండూ నేరుగా పనికిరావు, ఎందుకంటే మేలు చేసే సమాజంలో లేఖకుణ్ణి చంపరు. నిజం రాసిన లేఖకుడి దగ్గరికి ఒక పెద్దాయన వస్తాడు, పక్కన కూర్చుంటాడు, "కళ్లు బాగా అలసిపోయినట్టున్నాయి నాయనా, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో" అంటాడు. ఆ మాటలో కపటం ఉండకూడదు. లేఖకుడి కళ్లు నిజంగానే ఎర్రబడి ఉండాలి, విశ్రాంతి గృహం నిజంగానే హాయిగా ఉండాలి. అతని స్థానంలోకి వచ్చిన కుర్రవాడు ఎంతో శ్రద్ధగా, ప్రేమగా, ఏమీ తెలియకుండా తరువాతి పేజీ రాస్తాడు. ఈ దృశ్యాన్ని తప్పకుండా రాయండి, పుస్తకంలో ఉంచకపోయినా సరే.

నాలుగో మెట్టు: ఆ చరిత్రను మీరే రాయండి, ప్రతి క్రియనూ తూచి రాయండి

"అధికారిక చరిత్ర అలా చెప్పింది" అని సారాంశంగా దాటేయడం పెద్ద పొరపాటు. పాఠకులకు ఆ గ్రంథంలోని వాక్యాలు కావాలి, అవి అందంగా కూడా ఉండాలి. మన లోయ చరిత్రలోని భాగం ఇలా ఉందనుకుందాం.

"ఆ చలికాలంలో లోయ ఎంతో దుఃఖించింది. ధాన్యం తరిగిపోయింది. మన పిల్లలు బతకాలని దిగువపేటలోని నలభై కుటుంబాలు తమ వాటాను మనకు వదిలి, కనుమ దాటి వెళ్లాయి. వారు వెళ్లిన రాత్రి ద్వారం దగ్గర దీపాలు వెలిగించబడ్డాయి. ఆ త్యాగాన్ని మనం ఏటా తలచుకుంటున్నాము."

మొదటిసారి చదివినప్పుడు ఇది కళ్లు చెమర్చే కథలా అనిపించాలి. రెండోసారి చదివినప్పుడు ఒక్కొక్క పదం కదలాలి. దుఃఖించినది "లోయ", మనుషులు కారు. "మన పిల్లలు" అన్నప్పుడు ఆ నలభై కుటుంబాల పిల్లలు ఆ "మన"లో లేరు, అసలు ఆ పేరాలోనే ఎక్కడా లేరు. దీపాలు "వెలిగించబడ్డాయి". ఎవరు వెలిగించారు? వీడ్కోలు చెప్పడానికి వచ్చినవారా, ఎవరూ వెనక్కి రాకుండా చూడడానికి నిలబడినవారా?

ఈ విషయంలో తెలుగు మనకు ఇచ్చిన పనిముట్లు చాలా పదునైనవి, వాటిని వాడుకోకపోవడం నష్టం. కర్మణి ప్రయోగం మన నోటికి సహజంగా రాదు, "దీపాలు వెలిగించారు" అనడమే మనకు అలవాటు. కాబట్టి పుస్తకమంతటా కర్తరిలోనే రాసి, దాచవలసిన ఒక్కచోట మాత్రం "బడు" వాడితే చెవి దాన్ని పట్టేస్తుంది. రెండోది మనం, మేము అన్న భేదం. అధికారిక చరిత్ర ఎప్పుడూ "మనం" అంటుంది, అందరినీ కలుపుకుంటున్నట్టు కనిపిస్తుంది. వెళ్లగొట్టబడినవారి వారసుడు ఎవరైనా కథలోకి వచ్చినప్పుడు అతడు "మేము" అంటాడు. ఆ ఒక్క సర్వనామం మారడంతోనే ద్వారం ఎటువైపు మూసుకుందో తెలిసిపోతుంది.

మూడోది "అట". తాను కళ్లారా చూసినదానికి ఎవరూ "అట" తగిలించరు. మీ కథలో నాయిక నాయనమ్మ ఆ రాత్రి కథ చెబుతున్నప్పుడు "మంచు పడుతోంది, మా నాన్న నన్ను భుజాన ఎత్తుకున్నాడు, గంట మోగింది" అని చూసినట్టే చెప్పుకుంటూ వచ్చి, "తరువాత వాళ్లు తమంతట తామే వెళ్లిపోయారట" అంటే చాలు. ఆమె అక్కడే ఉంది. ఆ ఒక్క వాక్యం మాత్రం ఎవరో చెప్పగా నేర్చుకున్నది. దీని మీద మీరు వ్యాఖ్యానం చేయకండి, నాయికతో కూడా చేయించకండి. నా అభిప్రాయంలో ఇటువంటి కథ మొత్తంలో దీనికంటే బలమైన ఆధారం మరొకటి అక్కరలేదు.

పదవుల పేర్లను కూడా ఇదే శ్రద్ధతో పెట్టండి. ఆస్ట్రేలియాలో మూలవాసుల జీవితాలపై అధికారం చెలాయించి, తల్లుల నుంచి పిల్లలను వేరుచేసిన వ్యవస్థలో పెద్ద అధికారి హోదా "మూలవాసుల ప్రధాన సంరక్షకుడు". ఆ పదవీ నామాన్ని వ్యంగ్యంగా పెట్టలేదు, పెట్టినవారు దాన్ని నమ్మారు. ఆ పిల్లల విషయంలో ఆస్ట్రేలియా పార్లమెంటు 2008 ఫిబ్రవరి 13న క్షమాపణ చెప్పింది. మీ సమాజంలో "దండనాధికారి" ఉండకూడదు, "ఓదార్పు పెద్ద" ఉండవచ్చు.

ఇక ముద్రణల సంగతి. ఒకే చరిత్రకు మూడు ప్రతులు తయారుచేయండి. మొదటి ప్రతిలో "ద్వారం మూయవలసి వచ్చింది" అని ఉండాలి, ఎందుకంటే అప్పటికి చూసినవారు బతికే ఉన్నారు, పూర్తిగా అబద్ధమాడడం కుదరదు. రెండో ప్రతిలో "ద్వారం మూయబడింది". మూడో ప్రతిలో ద్వారం మూసిన మాటే లేదు, దీపాలున్నాయి. ఒక్కసారిగా కాక ఇలా తరానికొక మెట్టు చొప్పున నిజం కరిగిపోవడమే నమ్మదగినదిగా ఉంటుంది. పాత ప్రతులను ఏం చేశారన్నది కూడా ఆలోచించండి. 1953లో సోవియట్ రహస్య పోలీసుల అధిపతి బేరియాను అరెస్టు చేసి మరణశిక్ష అమలు చేసిన తరువాత, సోవియట్ మహా విజ్ఞాన సర్వస్వం చందాదారులకు కొత్త పేజీలు పంపించారు. బేరియా మీద ఉన్న వ్యాసాన్ని కత్తిరించి తీసేసి, బేరింగ్ సముద్రం గురించి విస్తరించిన వ్యాసాన్ని ఆ స్థానంలో అతికించుకోవాలని సూచన. కొందరు కత్తిరించారు, కొందరు కత్తిరించలేదు. అందుకే అటువంటి పేజీలు నేటికీ ఉన్నాయి. మీ లోయలో కూడా ఎవరో ఒకరు, తిరుగుబాటుతో కాదు, బద్ధకం వల్లనో పుస్తకం మీది మమకారంతోనో కత్తిరించకుండా ఉంచేసి ఉంటారు.

ఐదో మెట్టు: ఎవరూ చరిత్ర అనుకోని చోట ఆధారం పెట్టండి

రహస్య డైరీ, చనిపోతూ చెప్పిన మాట, గోడలో దాచిన ఉత్తరం వద్దు. అవన్నీ నిజాన్ని తెచ్చి చేతిలో పెడతాయి, పాఠకులకు చేయడానికి పని మిగలదు. అబద్ధం చెప్పేవారు చరిత్ర గ్రంథాన్ని సరిదిద్దుతారు గాని, కొట్టు లెక్కల పుస్తకాన్ని సరిదిద్దాలని వారికి తోచదు.

మన లోయలో నాయిక కొట్టులో లెక్కలు రాసే అమ్మాయి. పాత పుస్తకాలు చెదలు పట్టకముందే తిరగరాయమని ఆమెకు పని అప్పగించారు. నలభై కుటుంబాలు వెళ్లిన రాత్రికి మూడో రోజు తేదీ కింద ఒక పంక్తి ఉంది: "దిగువపేట నుంచి కొట్టుకు తిరిగి చేరిన కంబళ్లు 163. అందులో చిన్నవి 58. ఉతికించవలెను." ఆమె ఆ పంక్తిని తన పుస్తకంలోకి ఎక్కిస్తుంది. కింది పంక్తికి వెళుతుంది, అక్కడ నూనె లెక్క ఉంది, దాన్నీ ఎక్కిస్తుంది. సాయంత్రం ఇంటికి వెళ్లి నిద్రపోయే ముందు తన కంబళిని మెడదాకా లాక్కుంటుంది. అప్పుడు ఆమె చేయి ఆగిపోతుంది.

ఇంతే రాయండి. మంచు కురిసే రాత్రి కనుమ దాటడానికి ఇష్టపూర్వకంగా బయలుదేరినవారు కంబళ్లు వదిలి వెళ్లరు. చిన్నవి యాభై ఎనిమిది ఉన్నాయంటే యాభై ఎనిమిది మంది పిల్లలు ఉన్నారు, "మన పిల్లలు" అన్న మాటలో వారెవరూ లేరు. ఈ రెండు వాక్యాలనూ నేను మీకు వివరించడానికి రాశాను గాని, మీ కథలో అవి ఉండకూడదు. "ఉతికించవలెను" అన్న మాట మాత్రం తప్పనిసరిగా ఉండాలి. ఆ లెక్క రాసినవాడు చెడ్డవాడు కాదు, శుభ్రత తెలిసినవాడు, ఆ కంబళ్లు మళ్లీ ఎవరికో వెచ్చగా ఉపయోగపడాలని కోరుకున్నవాడు.

అంకెలు ఎంత ప్రమాదకరమో అధికారంలో ఉన్నవారికి బాగా తెలుసు. 1937 జనవరిలో సోవియట్ యూనియన్ జనాభా లెక్కలు తీస్తే సుమారు 16.2 కోట్లు తేలింది. నాయకత్వం ఆశించిన సంఖ్యకంటే అది చాలా తక్కువ, 1932-33 కరువులో పోయిన ప్రాణాలు ఆ తేడాలో కనిపిస్తున్నాయి. ఫలితాలను తొక్కిపెట్టారు, లెక్కలు తీసిన నిపుణులను అరెస్టు చేశారు. 1939లో మళ్లీ లెక్కలు తీసి 17 కోట్లని ప్రకటించారు. మనుషులు లేరన్న సంగతి కథనంలో దాగుతుంది గాని, కూడికలో దాగదు.

అంకెల తరువాత పదాలు. 1440లో లోరెంజో వల్లా అనే ఇటాలియన్ పండితుడు, కాన్‌స్టంటైన్ చక్రవర్తి పోప్‌కు పశ్చిమ రోమన్ సామ్రాజ్యంపై అధికారం రాసిచ్చాడని చెప్పే పత్రం నకిలీదని నిరూపించాడు. నాలుగో శతాబ్దపు రోమ్‌లో అధికారులకు వాడని "సత్రపులు" వంటి మాటలు అందులో ఉండడం ఆయన చూపిన ఆధారాలలో ఒకటి. మీరు కూడా దీన్ని వాడుకోవచ్చు. దిగువపేటవారు వెళ్తూ పాడారని చెప్పే వీడ్కోలు పాటలో "పంపిణీ ఇల్లు" అన్న మాట ఉంటుంది. పంపిణీ ఇంటి గుమ్మం మీద చెక్కిన ఏడాది మాత్రం ఆ వరదకు ముప్పై ఏళ్ల తరువాతిది. పాటను రెండో అధ్యాయంలో పాడించండి, గుమ్మాన్ని తొమ్మిదో అధ్యాయంలో, వేరే పని మీద వెళ్లినప్పుడు చూపించండి.

ఆరో మెట్టు: ప్రచారాన్ని గోడల మీదనుంచి ఇళ్లలోకి తీసుకురండి

గోడపత్రికలు, ధ్వనివర్ధకాలు, ఊరేగింపులు పెట్టకండి, వాటిని చూడగానే పాఠకులు జాగ్రత్తపడతారు. ప్రచారం జోలపాటలో, పిల్లల ఆటలో, అన్నం ముందు అనుకొనే మాటలో ఉండాలి. ప్రతి ఇంట్లో వడ్డించేటప్పుడు ఒక ముద్ద పక్కన పెట్టి "దిగువపేటకు" అనడం ఆచారమనుకోండి. అది ఎవరూ ఆజ్ఞాపించినది కాదు, ఎవరో అమ్మమ్మ మొదలుపెట్టినది. ఆ ముద్ద పక్కన పెట్టేటప్పుడు వారి గొంతులో నిజమైన కృతజ్ఞత ఉండాలి. అబద్ధం మీద నిలబడిన కృతజ్ఞత కూడా కృతజ్ఞతే, దాన్ని కించపరచకండి.

ఏడో మెట్టు: అవతలివారి కథను కూడా పూర్తిగా నమ్మకండి

చాలామంది రచయితలు అధికారిక చరిత్రను అబద్ధంగా చూపించిన తరువాత, వెళ్లగొట్టబడినవారి కథనాన్ని నిష్కల్మషమైన నిజంగా తెచ్చిపెడతారు. పాఠకులు ఒక గ్రంథం మీది విశ్వాసాన్ని మరొక గ్రంథానికి మార్చుకోవడం తప్ప అక్కడ జరిగేది ఏమీ లేదు. ఆరో శతాబ్దంలో ప్రొకోపియస్ అనే చరిత్రకారుడు జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన నిర్మాణాలను ఆకాశానికెత్తుతూ ఒక గ్రంథం రాశాడు. అదే చక్రవర్తిని తూలనాడుతూ మరొకటి రహస్యంగా రాశాడు. ఆ రహస్య చరిత్ర వాటికన్ గ్రంథాలయంలో దొరికి 1623లో అచ్చయింది. రహస్యంగా రాసినది కాబట్టి అదే నిజం అనుకుందామంటే, రాత్రివేళ చక్రవర్తి తల మాయమై మొండెం మాత్రం రాజప్రాసాదంలో తిరిగేదని కూడా అందులో ఉంది. ద్వేషానికి కూడా ప్రచారం ఉంటుంది.

కనుమ అవతలివారి కథలో నలభై కుటుంబాలు నూరు కావాలి. ద్వారం దగ్గర బల్లేలు పట్టుకున్నవారు నవ్వారని వారు చెప్పుకోవాలి. వారి తాతలు లోయలో అందరికంటే మంచివారని కూడా చెప్పుకోవాలి. కొట్టు పుస్తకంలోని 163 కంబళ్లు అధికారిక చరిత్రతో పొసగవు, నూరు కుటుంబాల కథతోనూ పొసగవు. నాయిక ఈ రెంటి మధ్యా ఒంటరిగా నిలబడవలసి వస్తుంది. కథలో అత్యంత విలువైన చోటు అదే, కాబట్టి అక్కడ తొందరపడకండి, ఒక అధ్యాయమంతా ఆమెను అక్కడే ఉండనివ్వండి.

ఎనిమిదో మెట్టు: నిజం బయటపడిన తరువాత సమాజాన్ని కూల్చకండి

నిజం తెలిసిన మరుక్షణం జనం వీధుల్లోకి వచ్చి, పెద్దల సభ పారిపోతే కథ తేలికైపోతుంది. నాయిక లెక్కల పుస్తకం పట్టుకొని తనకు చదువు చెప్పిన పెద్దాయన దగ్గరికి వెళ్లాలి. ఆయన పుస్తకం తెరవకుండానే "కంబళ్లేనా అమ్మా?" అని అడగాలి. ఆయనకు ముందే తెలుసు. ఆయన కూడా ఒకప్పుడు అదే పుస్తకాన్ని తిరగరాసినవాడే, ఆ పంక్తిని చెరిపేయకుండా ఉంచినవాడే. ఇప్పుడు నిర్ణయం ఆయనది కాదు, ఆమెది. నాలుగో ముద్రణ ప్రతి ఆమె చేతిలో ఉంది, వైద్యురాలు ఇప్పటికీ వర్షంలో తడుస్తూ వస్తూనే ఉంది, పిల్లలు ముద్ద పక్కన పెడుతూనే ఉన్నారు. ఆమె ఏ వాక్యం రాస్తుందో మీరు తేల్చుకోవాలి. తేల్చుకొనే ముందు మొదటి మెట్టులో రాసిన ఆ పది పేజీలను మరొకసారి చదవండి.

రాయడం పూర్తయ్యాక ప్రతిని ముగ్గురికి ఇవ్వండి. బాగుందా అని అడగకండి. "మీకు మొదట అనుమానం వచ్చిన వాక్యం కింద గీత పెట్టండి" అని మాత్రం అడగండి. ముగ్గురూ కంబళ్ల దగ్గరే గీత పెడితే ముందున్న ఆధారాలు మరీ లోతుగా దాగాయని అర్థం, నాయనమ్మ మాటను ఒక పేరా ముందుకు తీసుకురండి. ముగ్గురూ మొదటి అధ్యాయంలోనే గీత పెడితే, మీ సమాజంలో మంచితనం ఇంకా నిజం కాలేదని అర్థం. అప్పుడు నాలుగో మెట్టునో ఐదో మెట్టునో సరిదిద్దుకుంటూ కూర్చోకుండా, వర్షంలో వచ్చిన వైద్యురాలి దగ్గరికి వెళ్లి అక్కడినుంచి తిరిగి రాయండి.